జలంధర్‌లో దించిన తుపాకులు

కనాట్ రేంజర్స్ కథ: ఆరో భాగం

1920 జూన్ 28 పొద్దున పంజాబులోని జలంధర్ కంటోన్మెంటులో కనాట్ రేంజర్స్ మొదటి బెటాలియన్ సైనికులు నలుగురైదుగురు తమంతట తామే గార్డు గదికి వెళ్లి లొంగిపోయారు. ఐర్లండులో బ్రిటిష్ సేనలు చేస్తున్న పనులకు నిరసనగా ఇకమీదట రాజుగారి కొలువు చెయ్యబోమని, తమను బంధించుకోవచ్చని చెప్పారు. పొద్దెక్కేసరికి వాళ్ల పక్షాన వందల మంది నిలబడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే సిమ్లా దారిలో సోలన్‌లో ఉన్న కంపెనీ కూడా ఎదురుతిరిగింది. అక్కడ ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, నవంబరులో మరొకరికి మరణశిక్ష అమలయింది. ఈ ఉదంతానికి మూడు వివరణలు చాలాకాలంగా చలామణిలో ఉన్నాయి. పాత బ్రిటిష్ సైనికాధికారుల మాట ప్రకారం ఇది ఎండ, కాంటీను మద్యం, అనుభవం లేని అధికారులు కలిసి తెచ్చిన చేటు. ఐర్లండు స్మారక సభల్లో వినిపించే మాట ప్రకారం దేశభక్తులు పరాయి కొలువును విదిలించుకున్న ఘడియ. మన దేశంలో చెప్పుకునే మాట ప్రకారం బానిసత్వం తెలిసినవాళ్లు తోటి బానిసల పట్ల చూపిన సంఘీభావం. మూడింటిలోనూ ఎంతో కొంత నిజముంది, ఏ ఒక్కటీ ఒంటరిగా నిలవదు. బ్రిటిష్ సైన్యం తన పదాతి దళాలను ఏ సూత్రం మీద కట్టిందో ఆ సూత్రమే జలంధర్‌లో దానికి అడ్డం తిరిగిందని నేను వాదించదలిచాను. సైనికుణ్ణి అతని సొంత నేలతోనూ తోటివాడితోనూ ముడివేస్తే యుద్ధంలో పారిపోడని సైన్యం నమ్మింది. ఆ నమ్మకం తప్పు కాదు. సొంత నేల మీదికే సైన్యం వెళ్లినప్పుడు ఆ ముడి ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ లెక్కవేసుకోలేదు.

ఆ ముడి ఎలా పడిందో ముందు చూడాలి. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైన ఏడాదే, ఐర్లండు పశ్చిమ ప్రాంతమైన కనాట్‌లో పెద్ద భూస్వాములైన క్లాన్‌రికార్డ్ ప్రభువుల వంశీకుడు ఈ పటాలాన్ని లేవదీశాడు. (ఢిల్లీలోని కనాట్ ప్లేస్‌కు పేరిచ్చిన రాజకుమారుడి బిరుదులో ఉన్నదీ ఈ ప్రాంతమే. పటాలానికీ ఆ బజారుకూ అంతకుమించి సంబంధం లేదు.) క్యాథలిక్కుల మీద ఉన్న నిషేధాలు కొన్నిటిని డబ్లిన్ పార్లమెంటు సడలించిందీ అదే ఏడాది. బీడు నేల, బంగాళాదుంప పంట, చెల్లించలేని కౌలు. ఇవే అక్కడి రైతు బిడ్డను సైన్యంలోకి తోశాయి. 88వ పదాతి దళంగా లెక్కకెక్కిన ఆ పటాలం 1801లో ఇండియా నుంచి ఓడెక్కి, ఎర్రసముద్రం ఒడ్డున దిగి, ఎడారి దాటి నైలు నది చేరింది. 1807లో దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఐరిస్ వీధుల్లో దెబ్బతింది. స్పెయిన్, పోర్చుగల్ యుద్ధాల్లో బుసాకో కొండ మీదా బదహోస్ గోడల మీదా పేరూ అపఖ్యాతీ రెండూ సంపాదించుకుంది. దెయ్యం సొంత మనుషులు అన్న ముద్దుపేరు అప్పటిదే. క్రిమియా యుద్ధం తర్వాత 1857లో కాన్పూరు దగ్గరా కనిపిస్తుంది. ఈ ప్రయాణమంతటిలో దాని అసలు బలం కనాట్ పేదరికమే. 1830 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభై మందికి పైగా ఐర్లండు వాళ్లే. 1845 నుంచి వచ్చిన కరువు కనాట్‌ను మిగతా ప్రాంతాల కంటే ఘోరంగా దెబ్బతీసింది. బతికినవాళ్లలో ఎందరో అమెరికా ఓడలెక్కారు. సైన్యంలో చేరగల మనుషులే తగ్గిపోయారు.

1881 సంస్కరణలతో యుద్ధమంత్రి చిల్డర్స్ పాత నంబర్లు తీసేసి ప్రతి పటాలానికీ ఒక ప్రాంతాన్ని కేటాయించాడు. కనాట్ రేంజర్స్‌కు గాల్వే పక్కన రెన్‌మోర్‌లో స్థావరం కుదిరింది. ఒక బెటాలియన్ స్వదేశంలో, మరొకటి సముద్రాల అవతల అన్న ఏర్పాటూ నిలిచింది. ఇక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది. ఈ ముడి కాగితం మీద వేసిందే కదా, దానికి అంత శక్తి ఎక్కడిది? రెండో బెటాలియన్‌గా కలిపిన 94వ దళం పుట్టుకతో స్కాట్లండుది. టిప్పు సుల్తాన్ పతనమైన 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నది ఆ స్కాట్లండు దళమే. దక్కను యుద్ధాలకు గుర్తుగా వచ్చిన ఏనుగు చిహ్నం కూడా వాళ్ల ఆర్జితమే. ఒక్క కలం పోటుతో ఆ ఏనుగు ఐర్లండు ఏనుగయింది. నిజమే, ఆ ముడి సర్కారు ఉత్తర్వుతో పుట్టింది. అయితే ముప్పై ఏళ్లపాటు ఒకే జిల్లాల నుంచి మనుషుల్ని తెచ్చి, ఒకే పాటలు పాడించి, ఒకే గురువు చేత పూజలు చేయించి, అన్న వెనక తమ్ముణ్ణి చేర్చుకుంటూ పోతే ఉత్తర్వు ఆచారమవుతుంది. 1914 ఆగస్టులో ఫ్రాన్సులోని బులోన్ రేవులో దిగిన రెండో బెటాలియన్ టిప్పరేరీ పాట పాడుకుంటూ నడిచిందని ఒక ఇంగ్లీషు పత్రికా విలేకరి రాయడంతో ఆ పాట లోకమంతా పాకింది. ఆ రోజున లండన్‌లో ఎవరికీ ఆ ముడి మీద అనుమానం లేదు.

యుద్ధం మాటకొస్తే, మొదటి బెటాలియన్ అప్పుడు మన ఫిరోజ్‌పూర్‌లో ఉంది. లాహోర్ డివిజన్‌తో కలిసి మార్సే రేవులో దిగింది. ఆ డిసెంబరుకే రెండు బెటాలియన్లలో మిగిలినవాళ్లను ఒకటిగా కలపాల్సినంత నష్టం జరిగింది. తర్వాత మెసపొటేమియా, ఆపైన పాలస్తీనా. అక్కడ వాళ్లు గెలుస్తూ ఉండగా ఇంటి దగ్గర నేల మారిపోయింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్ని డబ్లిన్‌లో కాల్చి చంపారు. 1918 డిసెంబరు ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరిన షిన్ ఫేన్ పార్టీ ఐర్లండులోని 105 స్థానాల్లో 73 గెలిచింది. 1919 జనవరి నుంచి గెరిల్లా యుద్ధం. స్థానిక నాయకులే ప్రోత్సహించి పంపగా సైన్యంలో చేరినవాడు, నాలుగేళ్ల తర్వాత అదే ఊళ్లో ఆ యూనిఫారంతో తిరగడానికి జంకవలసి వచ్చింది. 1919లో బెటాలియన్‌ను మళ్లీ నింపి ఇండియాకు పంపినప్పుడు అందులో యుద్ధం చూసినవాళ్లూ ఉన్నారు, పని దొరక్క కొత్తగా చేరినవాళ్లూ ఉన్నారు. పాత అధికారుల్లో ఎందరో మిగల్లేదు. సైనికుడి ఊరూ పేరూ తెలిసిన అధికారి ఉండటం పటాలం పద్ధతికి మూలస్తంభం. అది కూలింది. సైనికుల మధ్య ముడి మాత్రం అలాగే ఉంది.

జలంధర్‌లో ముందు కదిలినవాళ్లలో జోసెఫ్ హావ్స్ ఒకడు. క్లేర్ జిల్లా కిల్‌రష్ మనిషి. సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, బాయ్‌నెట్లు బిగించిన సైనికులు హర్లింగ్ అనే ఐర్లండు ఆట పోటీని ఆపేయడం చూశానని తర్వాత చెప్పుకున్నాడు. ఉత్తరాల్లోనూ పత్రికల్లోనూ వచ్చే వార్తలు దానికి తోడయ్యాయి. ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా చూడాలి. బ్లాక్ అండ్ టాన్స్ అనే అదనపు పోలీసు దళం అకృత్యాలే ఈ తిరుగుబాటుకు కారణమని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ దళం 1920 మార్చిలోనే ఐర్లండులో దిగిన మాట నిజం. కానీ దానికి శాశ్వతంగా చెడ్డపేరు తెచ్చిన బాల్‌బ్రిగన్ దహనం సెప్టెంబరులో జరిగింది, కార్క్ నగరం తగలబడింది డిసెంబరులో. జూన్‌లో జలంధర్ బారకాసుల్లో ఎవరికీ అవి తెలిసే అవకాశమే లేదు. ఓడల మీద వారాల తరబడి ప్రయాణించి వచ్చిన కబుర్లు అంతకంటే చిన్నవి: సోదాలు, నిషేధాజ్ఞలు, అరెస్టులు, మార్చిలో జరిగిన కార్క్ మేయర్ హత్య. పెద్ద ఘోరం జరిగితేనే కదిలారనుకోవడం కంటే, చిన్న చిన్న కబుర్లకే కదిలారనడం ఆ ముడి ఎంత సూటిగా పనిచేసిందో చెబుతుంది. తెలిసిన వీధి, తెలిసిన మైదానం, తెలిసిన ఇంటి తలుపు గురించి విన్న మాట దూరదేశపు మహా విషాదం కంటే గట్టిగా తగులుతుంది.

ఇక తిరుగుబాటు ఎలా వ్యాపించిందన్నది నా వాదనకు మరింత ముఖ్యం. మొదటి మనుషులు ఎవరినీ కూడగట్టలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమను బంధించమన్నారు, అంతే. తోటివాళ్లు గార్డు గదిలో ఉన్నారన్న మాట కవాతుకు నిలబడ్డవాళ్ల చెవిన పడగానే పరిస్థితి మారిపోయింది. కమాండింగ్ అధికారి కర్నల్ డీకన్ వాళ్లను సమావేశపరిచి పటాలం చరిత్ర చెప్పాడు, జెండా మీద ఉన్న యుద్ధాల పేర్లు ఏకరువు పెట్టాడు. చాలామందిని కదిలించిన మాటలేనని చెబుతారు. అయితే హావ్స్ తన కథనంలో చెప్పుకున్నదాని ప్రకారం, ఆ గౌరవాలన్నీ ఇంగ్లండు కోసం తెచ్చినవని, వాటిలో ఐర్లండు కోసం ఒక్కటీ లేదని జవాబు వచ్చింది. ఆ జవాబులో పదును ఉంది. ఐర్లండు పటాలాల జెండాలు చూస్తే విషయం తెలుస్తుంది. ఇదే తరహా మరో పటాలం రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్. అది మొదట ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో పెట్టుకున్న తెల్లవాళ్ల దళం. దాని గౌరవాల్లో కాండోర్, మసులిపటం అని రెండు పేర్లుంటాయి. మొదటిది 1758 డిసెంబరులో ఫ్రెంచివారితో మన గోదావరి సీమలో జరిగిన చందుర్తి యుద్ధం, రెండోది 1759 ఏప్రిల్ నాటి మచిలీపట్నం కోట ముట్టడి. మన్‌స్టర్ రైతుకూ చందుర్తి పొలాలకూ ఉన్న సంబంధం ఏపాటిదో, కనాట్ కూలీకి శ్రీరంగపట్నంతో ఉన్న సంబంధమూ అంతే. కర్నల్ పటాలం మీద అభిమానాన్ని తట్టిలేపుదామని చూశాడు. అది నిజంగానే లేచింది, గార్డు గదిలో ఉన్నవాళ్ల వైపుకి. బజారు నుంచి గుడ్డ తెప్పించి కుట్టిన ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల జెండా బారకాసు మీద ఎగిరింది.

ఎండ సంగతేమిటని సైనిక చరిత్రకారులు అడుగుతారు. జూన్ చివర పంజాబు ఎండ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. విసుగు, కఠిన శిక్షణ, కాంటీనులో రాత్రి కబుర్లు, వీటన్నిటినీ నేను కాదనను. అయితే అదే ఎండలో ఎన్నో ఇంగ్లీషు, స్కాట్లండు బెటాలియన్లు ఏళ్ల తరబడి కాపురం చేశాయి. పైగా అసంతృప్తి ఎక్కడిదో అక్కడి కోరికే నోట వస్తుంది. ఎండే కారణమైతే డ్యూటీ గంటలు తగ్గించమనీ తిండి బాగుచెయ్యమనీ అడగాలి. జలంధర్‌లో వినిపించినది ఐర్లండు నుంచి బ్రిటిష్ సేనలు పోవాలన్న కోరిక. అది కర్నల్ తీర్చగలిగేది కాదని అడిగినవాళ్లకూ తెలుసు. ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటుంది. హావ్స్ కనాట్ వాడు కాదు, క్లేర్ మన్‌స్టర్ ప్రాంతంలోది. సోలన్‌లో ముందు నిలిచిన జేమ్స్ డేలీ కుటుంబం వెస్ట్‌మీత్ జిల్లా టిరెల్స్‌పాస్‌లో ఉండేది, అది లీన్‌స్టర్ ప్రాంతం. సోలన్ దగ్గరి దాగ్‌షాయి జైల్లో చనిపోయిన తిరుగుబాటుదారు జాన్ మిరాండా అయితే ఇంగ్లండులోని లివర్‌పూల్ నివాసి. ప్రాంతపు ముడే కారణమన్న వాదన దీనితో వీగిపోదా? ప్రాంతం అన్నదాన్ని జిల్లా సరిహద్దులకు కుదిస్తే వీగిపోతుంది. యుద్ధం తర్వాత పటాలాలు దొరికినవాళ్లను చేర్చుకున్నాయి కాబట్టి కనాట్ ముడి వదులై ఐర్లండు ముడిగా మారింది. మిరాండా సంగతి మరీ విలువైన సాక్ష్యం. ఇంగ్లండు మనిషి ఐర్లండు జెండా కింద నిలబడటానికి దేశభక్తి కారణం కాజాలదు. పక్క మంచం వాణ్ణి ఒంటరిగా వదలకూడదన్న పటాలపు నీతి ఒక్కటే దాన్ని అర్థం చేయిస్తుంది. ఆ నీతిని నేర్పింది సైన్యమే.

సోలన్‌లో కథ నెత్తుటి దారి పట్టింది. జలంధర్ నుంచి ఇద్దరు మనుషులు కబురు తెచ్చారు. డేలీ నాయకత్వంలో ఒక జట్టు తిరగబడింది. క్యాథలిక్ మతగురువు మాట విని మొదట ఆయుధాలు అప్పగించారు. ఆ తర్వాత మనసు మారింది. జూలై 1 రాత్రి బాయ్‌నెట్లు మాత్రమే పట్టుకుని ఆయుధాగారం మీదికి వెళ్లారు. కాపలా వాళ్లు కాల్చారు. పీటర్ సియర్స్, ప్యాట్రిక్ స్మిత్ చనిపోయారు. స్మిత్‌కు ఆ దాడితో సంబంధమే లేదు. కోర్టు మార్షల్ అరవై మందికి తగ్గకుండా దోషులుగా తేల్చింది, డజనుకు పైగా మరణశిక్షలు వేసింది. ఒక్క డేలీ శిక్ష తప్ప మిగిలినవన్నీ జైలు శిక్షలుగా మార్చారు. రక్తపాతం సోలన్‌లోనే జరిగింది, అక్కడ ముందున్నవాడు అతనే. 1920 నవంబరు 2 తెల్లవారుజామున దాగ్‌షాయిలో అతన్ని కాల్చి చంపారు. దానికి ముందు రోజే డబ్లిన్‌లో కెవిన్ బ్యారీ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థిని ఉరితీశారు. ఐర్లండు శోకమంతా అటు మళ్లింది, హిమాలయ పాదాల దగ్గర పోయిన సైనికుడి కబురు అడుగున పడిపోయింది. డేలీ అస్థికలు స్వదేశం చేరడానికి 1970 దాకా పట్టింది.

నా వాదనకు అన్నిటికంటే ఇబ్బందికరమైన ప్రశ్న మలబారు నుంచి వస్తుంది. 1921 ఆగస్టులో మాప్పిళ్ల తిరుగుబాటు లేచినప్పుడు దాన్ని అణచడానికి వెళ్లిన సేనల్లో లీన్‌స్టర్ రెజిమెంటు సైనికులున్నారు. వాళ్లదీ ఐర్లండే, వాళ్లకూ ఇంటి నుంచి ఉత్తరాలు వస్తాయి. అప్పటికి ఐర్లండులో జరిగిన ఘోరాలు జూన్ 1920 నాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా మలబారులోని పూక్కోట్టూరులో చెప్పిన పని చేశారు. ముడి అంత బలమైనదైతే అక్కడెందుకు తెగలేదు? దీనికి రెండు జవాబులు చెప్పుకోవచ్చు. జలంధర్ ఫలితం ఏమైందో 1921 నాటికి అందరికీ తెలుసు. డేలీ మరణం ఆ హెచ్చరిక కోసమే కావచ్చు. అంతకంటే ముఖ్యంగా, ముడి ఉన్నంత మాత్రాన తిరుగుబాటు రాదు. గార్డు గదిలో తనంతట తానే కూర్చునే మొదటి మనిషి ఉండాలి. అతని వెనక నిలబడాలా వద్దా అని పటాలం తేల్చుకోవలసిన ఘడియ రావాలి. జలంధర్‌లో అది వచ్చింది. మలబారులో ఎదురుగా ఉన్నవాళ్లు కాల్పులు జరుపుతుంటే, తోటివాణ్ణి కాపాడుకోవడమంటే ఆజ్ఞ పాటించడమే. అదే ముడి అక్కడ సైన్యానికి పనికొచ్చింది. ఈ జవాబు సంపూర్ణమని చెప్పను. కానీ దేశభక్తి వాదానికి ఈ ప్రశ్న ఇంతకంటే పెద్ద చిక్కు.

మలబారు ఉదాహరణ మన సంఘీభావ కథనాన్నీ తడిమి చూడమంటుంది. స్థలమూ కాలమూ ఆ కథనానికి ఎంతో అనుకూలంగా కనిపిస్తాయి. 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్ వెళ్లి జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ జలంధర్ బ్రిగేడ్ అధిపతే. అతని చదువు కొంత ఐర్లండులోని కార్క్ జిల్లాలో సాగింది. అతన్ని సమర్థించిన పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయ్యర్ టిప్పరేరీ క్యాథలిక్ కుటుంబం వాడు. ఆ కాల్పులపై విచారణ జరిపిన హంటర్ కమిటీ నివేదిక 1920 మేలో వెలువడింది, డయ్యర్ మీద లండన్ పార్లమెంటులో చర్చ జూలై 8న జరిగింది. తిరుగుబాటు ఈ రెంటి నడుమ పడింది. నాయకుల స్థాయిలో ఐర్లండు-ఇండియా స్నేహం అప్పటికే ఉంది. ఆ ఫిబ్రవరిలోనే ఐర్లండు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు డి వలేరా న్యూయార్కులో భారత స్వాతంత్ర్యవాదుల సభలో మాట్లాడాడు. ఇన్ని ఉన్నా బారకాసు కోరికల్లో అమృత్‌సర్ ప్రసక్తి కనబడదు. ఇండియాలో తాము చేస్తున్నదీ ఐర్లండులో బ్రిటిష్ వాళ్లు చేస్తున్నదీ ఒకటేనన్న ఆలోచన హావ్స్ తర్వాతి మాటల్లో ఉంది. దాన్ని అబద్ధమని తోసిపుచ్చను. కానీ అతని వాంగ్మూలం రికార్డయ్యేసరికి మూడు దశాబ్దాలు గడిచిపోయాయి. ఈలోగా 1936లో ఐర్లండు ప్రభుత్వం కనాట్ రేంజర్స్ తిరుగుబాటుదారులకు పింఛన్ల చట్టం చేసింది. పింఛను ఇచ్చేది దేశం కోసం చేసిన త్యాగానికి. అలాంటి చోట ఎండ గురించీ స్నేహితుల గురించీ చెప్పేవాడు తక్కువే ఉంటాడు. జ్ఞాపకాలు అలా ఒక వైపు ఒరిగాయి.

తిరుగుబాటు చేసినందుకే పటాలాన్ని రద్దుచేశారని కొందరు ఇప్పటికీ అంటారు. 1922 జాబితా చూస్తే ఆ మాట నిలబడదు. జూలై 31న కనాట్ రేంజర్స్‌తో పాటు రాయల్ ఐరిష్, లీన్‌స్టర్, మన్‌స్టర్, డబ్లిన్ పటాలాలూ రద్దయ్యాయి. మలబారులో చెప్పినట్టు విన్న లీన్‌స్టర్ వాళ్లకూ, జలంధర్‌లో ఎదురుతిరిగినవాళ్లకూ ఒకటే ఉత్తర్వు. మరోవైపు ఉత్తర ఐర్లండుకు చెందిన రాయల్ అల్‌స్టర్ రైఫిల్స్, ఇనిస్కిల్లింగ్ ఫ్యూజిలియర్స్ వంటి పటాలాలు మిగిలాయి. విధేయత ఇక్కడ కొలమానం కాలేదు. సైనికుల్ని తెచ్చుకునే జిల్లాలు ఐర్లండును రెండుగా విభజించిన కొత్త సరిహద్దుకు ఏ వైపు పడ్డాయన్నదే లెక్క. నేల పోతే పటాలం ఉండదని సైన్యం తన ఉత్తర్వుతోనే ఒప్పుకుంది. అంతకు ముందే జూన్ 12న విండ్సర్ కోటలో ఐదో జార్జి రాజు ఈ పటాలాల జెండాలను స్వీకరించాడు. అప్పటికి హావ్స్ తదితరులు ఇంగ్లండు జైళ్లలో ఉన్నారు. వాళ్లను 1923 జనవరిలో వదిలిపెట్టారు. ఉద్యోగం లేని మాజీ సైనికులెందరో ఈలోగా ఐర్లండు కొత్త ప్రభుత్వపు సైన్యంలో చేరి అంతర్యుద్ధంలో పోరాడుతున్నారు. ఆ సైన్యంలో పాత పటాలాల అలవాట్లు ఎంతవరకు నిలిచాయన్నది వచ్చే భాగంలో చూద్దాం.